మంద్రం సరిచేసే చేతులు

మేడ్చల్, శామీర్‌పేట వైపు చర్చి ఆరాధనల్లో గానీ, పెళ్లి వేదికల మీద గానీ బేస్ గిటార్ వాయించేవాణ్ని ఎవరూ పెద్దగా గమనించరు. ఆ గిటార్‌ను సరిచేసి ఇచ్చినవాళ్ల ఊసు అసలే ఎత్తరు. నాకైతే ఆ పనంటే ఎంతో గౌరవం.

మామూలు నాలుగు తీగల బేస్ మీద అన్నిటికంటే లావు తీగ మోగేది సెకనుకు దాదాపు 41 కంపనాలతోనే. దాన్ని మొద్దుగా కాక నిండుగా పలికించడంలోనే ఉంది పనితనమంతా. స్టీల్ తీగలు ఖంగుమంటాయి, నికెల్‌వి కాస్త మెత్తన. పైచుట్టు చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలది గంభీరమైన నాదం. అమెరికాలో మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు ప్రాణం పోసిన బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ వాడింది అవే.

తీగ లావు మారితే మెడ మీద లాగుడూ మారుతుంది. అప్పుడు చూడాలి ఆ చేతుల్ని! మెడలో వంపును సరిచేసే ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో రవ్వంత తిప్పి ఆగుతారు, మెడ వెంట ఒంటికన్నుతో చూస్తారు, మళ్లీ తిప్పుతారు. లావు తీగ పట్టేలా మెడ చివర తీగలు ఆనే నట్ గాడిని సన్న ఆకురాయితో రుద్దుతారు. లోతు పిసరంత ఎక్కువైనా తీగ ఫ్రెట్‌కు తగిలి జీరపోతుంది. ఆపైన 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి చూసుకుంటూ బ్రిడ్జి మీది శాడిల్‌ను జరుపుతారు. తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే కొత్త పికప్‌లకు డబ్బు తీసేవాళ్లెవరైనా ముందు ఇదంతా చేయించుకోవాలంటాను.