కర్ణుడి తప్పు ఏది?

కర్ణుడి చావుకు కారణాలు వెయ్యి అంటారు మన ఊళ్లలో. పరశురాముడి శాపం, ఆవు చచ్చిన బ్రాహ్మడి శాపం, ఇంద్రుడు అడుక్కుపోయిన కవచకుండలాలు, కుంతి తీసుకున్న మాట, రథమ్మీద శల్యుడి సూటిపోటి మాటలు. అందర్నీ లెక్కపెట్టి కర్ణుణ్ణి మాత్రం లెక్కలోంచి తీసేస్తారు. మేమూ చాలాకాలం అట్లాగే తీసేశాం. 1977 నాటి 'దానవీరశూరకర్ణ' సినిమాలో దుర్యోధనుడు కులం గురించి ద్రోణుణ్ణి నిలదీస్తుంటే చప్పట్లు కొట్టిన వాళ్లమే. వంశం చెప్పమన్న కృపుణ్ణి, పోయి చెర్నాకోల పట్టుకోమన్న భీముణ్ణి చూస్తే ఎవరికి మండదు?

ఆ అవమానాన్ని తక్కువ చెయ్యటం మా ఉద్దేశం కాదు. పండితులు ఎంచే తప్పుల్ని కూడా మేం ఒప్పుకోం. బ్రాహ్మణ్ణని అబద్ధమాడి పరశురాముడి దగ్గర విద్య నేర్చాడంటారు. కులం పేరుతో చదువుకు తలుపు మూసినోళ్ల దగ్గర ఆడిన అబద్ధం పాపమెట్లా అవుతుంది? కర్ణుడి తప్పు అది కాదు. సభాపర్వంలో ఉంది.

ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చినప్పుడు కౌరవుల్లోనే ఒకడు, వికర్ణుడు, లేచి ఇది అధర్మమన్నాడు. అతణ్ణి గద్దించి కూచోబెట్టింది దుర్యోధనుడు కాదు, కర్ణుడు. అయిదుగురు భర్తలున్నది కులట, ఆమెను వివస్త్రగా తెచ్చినా తప్పులేదన్నాడు. బట్టలు లాగమని దుశ్శాసనుడికి పురమాయించిందీ అతడే. అక్కడ ఏ శాపమూ పనిచెయ్యలేదు. ఏ దేవుడూ మారువేషంలో రాలేదు.

స్వయంవరంలో సూతుణ్ణి వరించనని ఆమె అనలేదా అని మనవాళ్లే అడ్డం వేస్తారు. ఆ మాట అన్ని ప్రతుల్లోనూ లేదు. పుణెలోని భండార్కర్ సంస్థ 1919 నుంచి 1966 దాకా వందలాది రాతప్రతులు పోల్చి తెచ్చిన పరిష్కృత పాఠం దాన్ని మూలంలో ఉంచలేదు. పోనీ, అన్నదనే అనుకుందాం. కులం దెబ్బకు ఒక స్త్రీ ఒంటిమీది బట్టను లాగి బదులు తీర్చుకోవటాన్ని ఏ నోటితో సమర్థిస్తాం?

కర్ణపర్వం ఇంకా బాధ పెడుతుంది. శల్యుడు రెచ్చగొడితే కర్ణుడు మద్రదేశపు ఆడవాళ్లను నోటికొచ్చినట్టు తిడతాడు. అంతటితో ఆగడు. బాహ్లిక దేశంలో బ్రాహ్మడు క్షత్రియుడవుతాడట, వైశ్యుడు, శూద్రుడు, మంగలి కూడా అవుతాడట, మళ్లీ బ్రాహ్మడవుతాడట, అదీ ఒక దేశమేనా అని ఏవగించుకుంటాడు. జీవితమంతా సూతపుత్రుడనిపించుకున్నోడికి వర్ణాలు అట్లా కలిసిపోయే చోటు కన్నతల్లి ఒడిలాగా కనపడాలి గదా! రోత పుట్టింది. అంబేద్కర్ విప్పిచెప్పిన నిచ్చెనమెట్ల వ్యవస్థ ఇదే. తొక్కబడ్డోడికి కూడా తొక్కటానికి ఇంకో మెట్టు కావాలి. కృపుడి ప్రశ్న కర్ణుడి నోట్లోనే కాపురం పెట్టింది.

అతడు మనవాడేనా అనేది ఇంకో పేచీ. కుంతి కొడుకని కథ ముందే చెప్పేస్తుంది. నిజమైన సూతుడు అర్జునుడికి సాటిరావటానికి ఆ కథకు మనసొప్పలేదు. అయినా ఉద్యోగపర్వంలో కర్ణుడు మనవాడే అనిపిస్తాడు. పుట్టుక రహస్యం చెప్పి, రాజ్యం ఇస్తామని కృష్ణుడు పిలిస్తే, రాధ, అధిరథుడే నా తల్లిదండ్రులు, సూతుల్లోనే పెళ్లిళ్లు చేసుకున్నాను, కొడుకులూ మనవలూ వాళ్లల్లోనే ఉన్నారు, రానన్నాడు. అక్కడే ఇంకో మాటా అన్నాడు. దుర్యోధనుడి మెప్పుకోసం పాండవుల్ని అన్న మాటలకు ఇప్పుడు కుమిలిపోతున్నానన్నాడు. మెప్పుకోసం! అంగరాజ్యం ఇచ్చిన చేతిని తప్పుపట్టలేకపోవటం ఎట్లా ఉంటుందో, పార్టీలిచ్చిన పదవుల్లో కూచున్న మన నాయకుల్ని అడిగితే తెలుస్తుంది. అయినా ఆ సంభాషణలో కర్ణుడు ఏ శాపాన్నీ సాకుగా చెప్పలేదు.

చివరికి రథచక్రం కుంగినప్పుడు ధర్మం గుర్తుచేశాడు. ద్రౌపదిని సభకు తెచ్చిన రోజు నీ ధర్మం ఎటు పోయిందని కృష్ణుడు అడిగాడు. అడిగేవాడి చేతులూ శుభ్రంగా లేవు, నిజమే. అంతమాత్రాన ప్రశ్న అబద్ధమైపోదు. ప్రచారంలో ఉన్న పాఠంలో కర్ణుడు సిగ్గుతో తలవంచుకున్నాడు, బదులు పలకలేదు. అతడి తరఫున ఇన్నాళ్లూ మేం చెబుతూ వచ్చిన జవాబులేవీ అతడు చెప్పినవి కావు.