తోక ఎత్తి చూసే విద్య

2007లో కోలారు నుంచి విడివడి జిల్లాగా ఏర్పడిన చిక్కబళ్లాపురంలో, ముఖ్యంగా తెలుగు ఎక్కువగా వినిపించే బాగేపల్లి, చింతామణి తాలూకాలలో, గొర్రెను బేరమాడే కాపరి పళ్లు చూసి వయసు కట్టిన తరువాత తోక ఎత్తి వెనుక భాగాన్ని పరిశీలించడంలో ఒక శాస్త్రమే ఇమిడి ఉంది. పురుగులు పడటం, అంటే ఈగ పెట్టిన గుడ్లు పొదిగి వచ్చిన పురుగులు సజీవమైన మాంసాన్ని తినడం, ఏ గొర్రెకు ఎక్కువగా సంభవిస్తుందో దాని ఆకృతిని బట్టి ముందే కొంత అంచనా వేయవచ్చు.

ఆస్ట్రేలియాలో ఈ అంచనాకు అంకెలున్నాయి. అక్కడి మెరినో గొర్రెల తొడల వెనుక ముడతలు, ఆ భాగాన్ని కప్పిన ఉన్ని, ఉన్నికి అంటి గట్టిపడిన పెంట, ఈ మూడింటికీ విడివిడిగా 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. ముడతల మధ్య చెమ్మ, మూత్రం నిలిచి చర్మం నానితే లూసిలియా అనే ఆకుపచ్చ ఈగ అక్కడ గుడ్లు పెడుతుంది. ముడతలున్న చర్మాన్ని కోసి తొలగించే మ్యూల్సింగ్ అనే బాధాకరమైన పద్ధతి 1930ల నాటికి అక్కడ పుట్టింది; తక్కువ మార్కులు పడ్డ, అంటే ముడతలు తక్కువగా ఉన్న, పొట్టేళ్లను ఎంచుకుంటూ పోతే ఆ కోత అవసరమే తగ్గుతుందన్నది నేటి ఆలోచన, ఎందుకంటే ముడతలు సంతానానికి సంక్రమించే గుణం.

అయితే ఆ కొలబద్దను యథాతథంగా బాగేపల్లికి తెచ్చుకోవడం తెలివైన పని కాదు. నెల్లూరు జాతి పోలిక గల వెంట్రుక గొర్రెకు ఉన్నీ లేదు, అంతగా ముడతలూ లేవు, తోక పుట్టుకతోనే పొట్టిది. పైగా మన దేశంలో భయపడవలసిన మరో ఈగ, క్రైసోమియా బెజ్జియానా, మురికి ఉన్ని కన్నా పచ్చి పుండునే వెతుక్కుంటుంది. పుండు అంచున 150 నుంచి 200 గుడ్లు పెడితే, ఒక్క రోజులోపే పొదిగిన పురుగులు మాంసంలోకి తొలుచుకుపోయి, వారం తిరిగేసరికి నేల మీద రాలి ప్యూపాలవుతాయి.

కనుక ఇక్కడ చూడవలసిన చోట్లు వేరు. పొట్టేళ్లు ఢీకొన్నప్పుడు చిట్లే కొమ్ముల మొదలు, మెలితిరిగిన కొమ్ము కొన గుచ్చుకునే చెంప, బురదలో నానిన గిట్టల సందు, కొత్తగా పుట్టిన పిల్ల బొడ్డు, విత్తు కొట్టిన గాయం ముఖ్యమైనవి. దక్కనీ వంటి ఉన్ని గొర్రెల్లో కత్తెర తగిలిన గాట్లనూ కలపాలి. తోక ఎత్తినప్పుడు మాత్రం ఒకే ప్రశ్న: తొడల వెనుక వెంట్రుక పొడిగా ఉందా, పారుడు వల్ల జిడ్డుగా అంటుకుందా? పెంటికలు గట్టిగా రాలే గొర్రెకూ, వాన పడగానే పారే గొర్రెకూ ఉన్న తేడా చాలావరకు పొట్టలోని నులిపురుగుల వల్ల వచ్చేదే గనుక, మందు తాగించి మళ్లీ చూడకుండా జాతి లోపమని తీర్మానించకూడదు.

పురుగులు పడ్డ తరువాత సీతాఫలం ఆకు నూరి కట్టడం, కర్పూరం కలిపిన కొబ్బరినూనె పోయడం వాడుకలో ఉన్న చికిత్సలు. పురుగులు బయటకు వచ్చాక వాటిని నేలకు వదలకుండా చంపితేనే ఆ చికిత్స పూర్తవుతుంది. మందకు పొట్టేలును ఎంచేటప్పుడు బరువుకిచ్చే విలువలో కొంతైనా కొమ్ము తిరిగిన తీరుకు ఇవ్వడం మేలు, ఎందుకంటే ఒక్క పొట్టేలు గుణం ఆ ఏడాది దానికి పుట్టే పిల్లల్లో చాలావాటికి సంక్రమించవచ్చు. పురుగులు పడ్డ గొర్రెను మాంసానికి అమ్మేసే కాపరికి దాని తల్లి ఏదో, తండ్రి ఏదో గుర్తుండటమే ఇప్పటికి ఈ ఎంపికకు ఆధారం.