గట్టి బల్ల యనగా నేమి?

ఫిన్లాండువారి వేడిగది యగు ‘సౌనా’ సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినది. అట్టి గదిని ఇంట కట్టుకొను కోరిక నేడు మదనపల్లె వరకు వచ్చినది. ఇటీవల మిత్రులొకరి ఇంట దానిని చూచితిని. గది బాగున్నది, బల్లయే బాగులేదు. రెండంగుళముల మందముగల చింతపలకలను సందులేకుండ చేర్చి, పైన మేకులు కొట్టి, వార్నిషు పూసినారు. ఆరు నెలలకే పలకలు వంగినవి. అడుగున బూజు పట్టినది. వడ్రంగి పనితనములో లోపము లేదు. లోపము నమూనాలో నున్నది. బరువైనదే గట్టిదను భ్రమ దానికి మూలము.

సౌనాలో గాలి వేడి సాధారణముగా 80 నుండి 100 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఉండును. అందులోను కొయ్యపై కూర్చుండగలుగుటకు కారణము దాని ఉష్ణవాహకత తక్కువగుటయే. గట్టిదనమే కావలెనన్నచో కుప్పము గ్రానైటు పలక చాలును! కాని అది తేలిక కొయ్యకంటె ఇంచుమించు 20 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేయును. ఇనుపమేకు తల అంతకన్నను చురుకుగా కాల్చును. పుంగనూరు వైపు చింతచేవ ఎంత దృఢమైనను ఇచ్చట తగదు. కొయ్య బరువెక్కినకొలది చర్మమునకు వేడి త్వరగా అందును. కనుకనే ఫిన్లాండువారు ఆస్పెన్, ఆల్డర్ వంటి తేలికైన, బంక కారని కొయ్యను వాడుదురు.

తేలిక కొయ్య మనిషిని మోయునా? మోయును. బద్ద నడుమ నుంచిన బరువునకు అది వంగుట, ఆధారముల మధ్య దూరము యొక్క ఘనమును బట్టి యుండును. దూరమును సగము చేసినచో వంగుట ఎనిమిదవ వంతగును. అనగా, మందపు పలకకంటె నడుమ నొక అడ్డుకమ్మి మేలు.

ఇక గాలి. తేమ తగిలిన కొయ్య అడ్డముగా ఉబ్బును. నిడివిలో దాదాపు మారదు. సందులేని పలకలకు ఉబ్బుటకు చోటు లేక వంగును. బద్దల నడుమ ఒక సెంటీమీటరు సందు విడిచినచో ఉబ్బుటకు చోటు, చెమట జారుటకు దారి, ఆరుటకు గాలి మూడును లభించును. మరలను క్రిందినుండి బిగింపవలెను. వార్నిషు గాని, చెదల మందు పట్టించిన కొయ్య గాని ఆ వేడిలో పనికిరావు.

క్షయకు సరియైన మందులు లేని 1910వ దశకములో మదనపల్లె చెంత వెలసిన ఆరోగ్యవరము చికిత్సాలయము మంచిగాలినే నమ్ముకొన్నది. గాలి విలువ నెరిగిన ఊరిలో బల్లకు గాలి లేకుండ చేయుట న్యాయము కాదు. మిత్రులారా, పలకలు విప్పుడు. సందులుంచి మరల కూర్పుడు.