పాత సీకో నిలకడ

1970లు, 80లలో గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్ళు తెచ్చుకున్న వస్తువుల్లో సీకో ఫైవ్ వాచీ ఒకటి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళలో అది తండ్రి చేతి నుంచి బీరువాలోకి వెళ్ళి, ఇప్పుడు పిల్లల చేతికి వస్తోంది. బయటికి తీసి నాలుగుసార్లు ఊపగానే సెకన్ల ముల్లు కదులుతుంది. ఇంట్లో అందరూ సంబరపడతారు. మర్నాడు పొద్దునకి ఆరు నిమిషాలు వెనకబడి ఉంటుంది. "పాతదైపోయింది, ఇక టైము చూపించదు" అని మళ్ళీ బీరువాలో పెట్టేస్తారు.

ఆ వాచీకి అన్యాయం జరుగుతోందని నా బాధ. దానిలోని ఉక్కు, ఇత్తడి, కృత్రిమ కెంపులు నలభై ఏళ్ళకు ముసలివి కావు. ముసలిదయ్యేది వాటి మధ్య ఉన్న నూనె. అది కొంత ఆవిరై, కొంత పక్కలకు పాకి, మిగిలింది బంకలా గట్టిపడుతుంది. ఆ బంకలో కూరుకుపోయిన చక్రాలు వాచీకి పుట్టుకతో వచ్చిన నిలకడను చూపించలేవు. శుభ్రం చేసి, సరైన చోట సరైన నూనె పెట్టగలిగిన మెకానిక్కు చేతిలో పడితే ఆ నిలకడ చాలావరకు తిరిగి వస్తుంది.

సీకో కంపెనీ ఈ వరసను 1963లో మొదలుపెట్టింది. ఆటోమేటిక్ కావడం, నీటిని తట్టుకోవడం, వారమూ తేదీ ఒకే కిటికీలో కనిపించడం, కీ నాలుగు గంటల దగ్గర లోపలికి ఒదిగి ఉండడం, కేసూ గొలుసూ గట్టిగా ఉండడం అనే అయిదు గుణాల వల్ల దానికి ఆ పేరు. గల్ఫ్ వాచీల్లో చాలావాటి వెనక మూత మీద 7009తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. ఆ మొదటి నాలుగు అంకెలు లోపలి యంత్రం పేరు. పక్కనే ఉండే సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. 4 ఉంటే 1974 కావచ్చు, 1984 కావచ్చు. ఏ యంత్రం ఏ కాలంలో తయారయిందో తెలిసినవాళ్ళు ఆ రెండింట్లో ఏదో చెప్పేస్తారు.

7009లో పదిహేడు కెంపు రాళ్ళుంటాయి. దానికి కీ ఇవ్వడం కుదరదు. కీ తిప్పుతూ కూర్చుంటే స్ప్రింగు బిగుసుకోదు. మన చెయ్యి కదిలినప్పుడల్లా అర్ధచంద్రాకారపు బరువు, రోటార్, లోపల గిర్రున తిరిగి స్ప్రింగును చుడుతుంది. ఆ తిరుగుడును అందుకునే చిన్న చక్రం మీద కేంద్రానికి కొంచెం పక్కగా ఒక పిన్ను ఉంటుంది. దానికి తగిలించిన రెండు చేతుల లివరులో ఒక చెయ్యి పక్కనున్న పళ్ళచక్రాన్ని లాగుతుంటే రెండోది నెడుతుంది. అందువల్ల రోటార్ ఎటు తిరిగినా పళ్ళచక్రం ఒకే వైపు తిరుగుతుంది. 1959లో సీకో తెచ్చిన ఈ ఏర్పాటు పేరు మ్యాజిక్ లివర్. ఇంత తక్కువ భాగాలతో రెండు వైపుల తిరుగుడునూ వాడుకున్న ఆ పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక టైము సంగతి. అటూ ఇటూ ఊగుతూ టైము లెక్కపెట్టే చక్రం, బ్యాలెన్స్ వీల్, సెకనుకు ఆరుసార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకు 5,18,400 దెబ్బలు. రోజులో ఉన్నవి 86,400 సెకన్లు. వాచీ రోజుకు 20 సెకన్లు ముందుకు పోయిందంటే దాని తప్పు 0.023 శాతం. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ పట్టా పొందే వాచీకి రోజుకు సగటున 4 సెకన్లు వెనక నుంచి 6 సెకన్లు ముందు వరకు హద్దు. మామూలు వాచీల హద్దు అంతకన్నా వెడల్పు. సీకో ఈ రోజుల్లో తయారుచేసే ఎన్‌హెచ్35 యంత్రానికి 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు వరకు అని కంపెనీయే చెబుతుంది. నలభై ఏళ్ళ నాటి 7009 సర్వీసింగ్ తర్వాత రోజుకు 15, 20 సెకన్ల తేడాతో నడిస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆ తేడా రోజూ ఒకేలా ఉందా అన్నదే నేను ముందు చూస్తాను. ప్రతిరోజూ 14 సెకన్లు ముందుకు పోయే వాచీ వారానికి 98 సెకన్లు పోతుంది. ఆదివారం పొద్దున ఒకసారి సరిచేసుకుంటే చాలు. ఇవాళ సరిగ్గా ఉండి, రేపు 40 సెకన్లు ముందుకు, ఎల్లుండి అరనిమిషం వెనక్కి పోయే వాచీని నమ్మలేం. మూడు రోజుల సగటు తీస్తే రెండోదే మెరుగ్గా కనిపించవచ్చు. కానీ దాని లోపల ఏదో బాగోలేదు.

బ్యాలెన్స్ వీల్ ఊపు తగ్గడమే చాలాసార్లు దీనికి కారణం. ఆరోగ్యంగా ఉన్న వాచీని డయల్ పైకి పడుకోబెడితే ఆ చక్రం మధ్యస్థానం నుంచి ఒక్కో వైపుకు 250, 270 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తిరుగుతుంది. నిలబెడితే ఇరుసు కొనల రాపిడి పెరిగి పాతిక ముప్పై డిగ్రీలు తగ్గుతుంది. ఇంతవరకు సహజమే. నూనె ఎండిన వాచీలో ఇది 200 కిందికి పడిపోతుంది. చక్రం బరువు అన్ని వైపులా అచ్చంగా సమానంగా ఉండదు, రవ్వంత బరువు ఎటో ఒకవైపు మిగిలే ఉంటుంది. వాచీ నిలువుగా ఉన్నప్పుడు ఆ బరువు కిందివైపు ఉందనుకోండి: ఊపు సుమారు 220 డిగ్రీల కన్నా తక్కువైతే వాచీ ముందుకు పోతుంది, ఎక్కువైతే వెనకబడుతుంది. బరువు పైవైపు ఉంటే ఇదంతా తారుమారు. సరిగ్గా 220 దగ్గర ఆ లోపం కనపడకుండా పోతుంది. ఊపు ఆ గీతకు అటూ ఇటూ తచ్చాడే వాచీ పొద్దున ఒకలా, రాత్రి ఒకలా నడవడంలో వింత ఏముంది?

చేతి కదలిక తక్కువైనా ఇదే కథ. రోజంతా కుర్చీలో కూర్చునే పెద్దాయన చేతిలో రోటార్‌కు పని ఉండదు. స్ప్రింగు సగమే చుట్టుకుంటుంది, ఊపు తగ్గుతుంది. అదే వాచీ పొలానికి వెళ్ళే కొడుకు చేతిలో చక్కగా నడిస్తే మెకానిక్కును తప్పుపట్టకూడదు.

మెకానిక్కు దగ్గర ఇప్పుడు టైమ్‌గ్రాఫర్ అనే చిన్న యంత్రం ఉంటోంది. టిక్ టిక్ శబ్దం విని అది మూడు అంకెలు చూపిస్తుంది: రోజుకు ఎన్ని సెకన్ల తేడా, ఊపు ఎన్ని డిగ్రీలు, రెండు టిక్కుల మధ్య విరామాలు ఎంత అసమానంగా ఉన్నాయి. వాచీ తెచ్చినవాళ్ళ చూపు మొదటి అంకె మీదే ఉంటుంది. తొందరపడే దుకాణాల్లో మోసం జరిగేది కూడా అక్కడే. బ్యాలెన్స్ వీల్ దగ్గర ప్లస్, మైనస్ గుర్తులున్న ఒక చిన్న లివర్ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి జరిపితే, ఆ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగులో ఊగే పొడవు మారి, ఆ అంకె క్షణంలో సున్నాకు వచ్చేస్తుంది. లోపల బంక అలాగే ఉంటుంది. వారం తిరక్కుండా వాచీ మళ్ళీ మొదటికొస్తుంది. అది జ్వరం తగ్గించకుండా థర్మామీటరు దులిపి ఇవ్వడం. అందుకే నేను ఎప్పుడూ ఊపు ఎంతుందనే ముందు అడుగుతాను.

అసలు సర్వీసింగ్ అంటే వాచీని పూర్తిగా విప్పడమే. మూత తీయగానే మంచి పనివాడు మూత లోపలి వైపు చూస్తాడు. వంపు గీతలు కనిపిస్తే రోటార్ బేరింగు అరిగి మూతకు రాసుకుంటోందని అర్థం. వెనకటి మెకానిక్కులు సన్నగా గీసిన తేదీలు, గుర్తులు కూడా అక్కడే దొరుకుతాయి. తర్వాత ముళ్ళు, డయల్, రోటార్ తీసి, స్ప్రింగులో మిగిలిన బలాన్ని మెల్లగా వదిలేస్తాడు. ఇది మరిచి, చక్రాలను ఆపి వదిలే ప్యాలెట్ ఫోర్కు పైకి తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిరగిరా తిరిగి, పళ్ళో ఇరుసులో విరుగుతాయి. ఆ పైన బ్యాలెన్స్, ప్యాలెట్ ఫోర్కు, చక్రాల వరస, స్ప్రింగు డబ్బా ఒక్కొక్కటీ బయటికి వస్తాయి.

శుభ్రం చేయడంలోనే ఓపిక బయటపడుతుంది. భాగాలను ద్రావకంలో కడిగినంత మాత్రాన రాళ్ళ రంధ్రాల్లో బంక పోదు. మెత్తటి కర్రపుల్లను సూదిలా చెక్కి ఒక్కో రంధ్రంలో తిప్పాలి. పుల్ల మొన నల్లబడితే మళ్ళీ చెక్కి మళ్ళీ తిప్పాలి, అది తెల్లగా బయటికి వచ్చేదాకా. స్ప్రింగు డబ్బా ఇరుసు మాత్రం రాళ్ళలో కాకుండా ఉత్త లోహపు రంధ్రాల్లోనే తిరుగుతుంది. నూనె లేకుండా ఏళ్ళ తరబడి తిరిగిన వాచీల్లో ఆ రంధ్రాలు కోలగా సాగి, డబ్బా పక్కకు ఒరుగుతుంది. దాన్ని చూడకుండా మూసేస్తే మిగతా పనంతా వృథా.

నూనె దగ్గర చేతివాటం తెలుస్తుంది. 19వ శతాబ్దంలో అమెరికాలో పోర్పాయిస్ అనే సముద్రజీవి దవడ నుంచి తీసిన నూనెను వాచీలకు వాడేవారు. ఇప్పుడు వాడేవి కృత్రిమ నూనెలు. త్వరగా తిరిగే సన్నటి ఇరుసులకు మోబియస్ 9010 లాంటి పలచటిది, బరువు మోసే నెమ్మది చక్రాలకు హెచ్‌పి 1300 లాంటి చిక్కటిది, ప్యాలెట్ రాళ్ళ ముఖాలకు 9415 లాంటి గ్రీజు. చుక్క రాతి గుంటలో సగం నిండాలి, అంతే. ఎక్కువైతే పాకిపోతుంది, పాకితే ఉన్నదీ పోతుంది. ప్యాలెట్ ఫోర్కు ఇరుసులకు నూనె పెట్టరు. హెయిర్ స్ప్రింగుకు తగలనే కూడదు, తగిలితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తుతుంది. అయస్కాంతం సోకినా అదే లక్షణం. సర్వీసింగ్‌కు ముందు ఆ అనుమానం తీర్చుకుంటే ఒక్కోసారి అయస్కాంతాన్ని తీసేయడంతోనే పని అయిపోతుంది.

ఆటోమేటిక్ వాచీకి కీ వాచీలో లేని చిక్కు ఇంకొకటి ఉంది. స్ప్రింగు నిండాక కూడా చెయ్యి కదులుతూనే ఉంటుంది కదా. అందుకే దాని బయటి కొసను డబ్బా గోడకు బిగించరు, గోడ వెంట జారనిస్తారు. ఆ గోడకు పట్టు ఉండే ప్రత్యేకమైన గ్రీజు పూయాలి. మరీ జారితే స్ప్రింగు నిండకముందే జారిపోయి, సుమారు 40 గంటలు నడవాల్సిన వాచీ తెల్లారేసరికి ఆగిపోతుంది. అసలు జారకపోతే బలం మితిమీరి, ఊపు 330 దాటి, బ్యాలెన్స్ తిరిగొచ్చి ఫోర్కు వెనక కొట్టుకుంటుంది. అప్పుడు వాచీ విపరీతంగా ముందుకు పోతుంది. మన దగ్గర చాలామంది మెకానిక్కులు హెచ్‌ఎంటీ జనతా లాంటి కీ వాచీల మీద చెయ్యి తిప్పుకున్నవాళ్ళు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీలే వాళ్ళకు బడి. చక్రాల పనిలో వాళ్ళకు తిరుగులేదు. ఈ గోడ గ్రీజు సంగతి మాత్రం అడిగి తెలుసుకోండి.

బిగించాక ఒక రోజు నడవనిచ్చి, డయల్ పైకి, డయల్ కిందికి, కీ కిందికి, కీ పైకి, కీ ఎడమకు ఇలా రకరకాల భంగిమల్లో కొలుస్తారు. వాటి మధ్య తేడా పదిహేను ఇరవై సెకన్ల లోపు ఉండి, ఊపు బాగుంటే అప్పుడు లివర్ జరపాలి. రబ్బరు గ్యాస్కెట్ కొత్తది వేయాలి. చెమట, ఉప్పుగాలి ఉన్న విశాఖ, కాకినాడల్లో ఇది మరీ ముఖ్యం. కొత్తది వేసినా పాత వాచీని నీళ్ళలో ముంచకండి.

కచ్చితత్వమే కావాలంటే క్వార్ట్జ్‌తో ఏ ఆటోమేటిక్కూ పోటీపడలేదు. సెకనుకు 8,192 సార్లు కంపించే స్ఫటికంతో మొదటి చేతి గడియారాన్ని 1969 డిసెంబరు 25న అమ్మకానికి పెట్టింది కూడా సీకోయే. నేను పాత 7009కి డబ్బు ఖర్చుపెట్టమనడానికి కారణం వేరు. అందులో తప్పిపోయిన ప్రతి సెకనుకూ భూతద్దంలో కనిపించే కారణం ఉంటుంది, దాన్ని సరిచేయగల మనిషి ఇంకా మన ఊళ్ళో ఉన్నాడు. ఖర్చు ఒక్కోసారి వాచీ వెలతో సమానమవుతుంది. అయినా అడిగినంత ఇవ్వండి. విడిభాగాలు చాలావరకు పాడైన వాచీల నుంచి తీసి దాచుకున్నవే, రోజంతా పట్టే పని అది. కొత్తగా రంగేసిన డయల్‌తో మెరిసే చవక పాత వాచీ కొనడం కన్నా ఇంట్లో ఉన్న వెలిసిన డయల్ వాచీకే ఆ డబ్బు పెట్టడం మేలు.

చేతికి వచ్చాక వారం రోజులు ఫోను గడియారంతో పోల్చి, రోజూ ఒకే వేళకు తేడా రాసుకోండి. రాత్రి డయల్ పైకి పెట్టినప్పుడు ఎంత, కీ పైకి వచ్చేలా నిలబెట్టినప్పుడు ఎంత అని విడివిడిగా రాయండి. పగలు చేతి మీద ముందుకు పోయే వాచీని, రాత్రిపూట ఏ భంగిమలో వెనకబడుతుందో చూసి అలాగే పెడితే చాలాసార్లు రెండూ సరిపోతాయి. నాలుగైదేళ్ళ తర్వాత ఆ అంకెలు మారడం మొదలైతే, వాచీ ఆగేదాకా చూడకుండా మళ్ళీ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎండిన నూనెతో తిరిగిన ఇరుసు అరిగిపోతుంది. ఆ ఇరుసును నూనె బాగుచేయలేదు.