47 దగ్గర తేడా కొట్టింది

హైదరాబాద్ రాంనగర్ నుంచి ఏ దిక్కుకు నడిచినా పరీక్షే ఎదురొస్తుంది. ఇటు నల్లకుంటలో చుక్కా రామయ్యగారి ఐఐటీ కోచింగ్ పేరు ఇంకా వినబడుతుంది. అటు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ హాస్టళ్ల నిండా గ్రూప్స్ అభ్యర్థులు. ఈ గాలిలో పెరిగిన బీఎస్సీ పిల్లల చేత గణిత పరిశోధన చేయించబోతే మొదట అడిగేది ఒకటే: ‘‘జవాబు ఏ పుస్తకంల ఉంటది సార్?’’

ఏ పుస్తకంలోనూ లేదంటే సగం మంది మళ్లీ కనబడరు.

మిగిలినవాళ్లకు ఫిబొనాచీ సంఖ్యలు ఇస్తాను: 1, 1, 2, 3, 5, 8... ఒక్కోదాన్నీ 3తో భాగించి శేషాలు రాయమంటాను. 1, 1, 2, 0, 2, 2, 1, 0. ఎనిమిది అయ్యాక మళ్లీ మొదటికే. 7తో చేస్తే 16కు తిరిగొస్తుంది, 13తో 28కి.

సెకండియర్ అమ్మాయి ఒకామె ఇందులో వరస పట్టింది. చివర 3 గానీ 7 గానీ ఉన్న ప్రధాన సంఖ్యకు ఒకటి కలిపి రెట్టిస్తే ఆవర్తనం, అంటే శేషాలు మళ్లీ మొదటికొచ్చే లెక్క, వస్తోంది. 17కి 36, 23కి 48, 37కి 76, 43కి 88. ఇక సిద్ధాంతం దొరికినట్టే అనుకుంది. 47కి 96 రావాలి, 32 వచ్చింది. ‘‘లెక్క తప్పినట్టుంది సార్’’ అని మళ్లీ వేసింది. మళ్లీ 32.

నోరు మూసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. చెప్పేస్తే రాసుకుని వెళ్లిపోతుంది. తర్వాత తనే వచ్చింది: ‘‘సమానం కాకపోయినా, 96ను 32 భాగిస్తది సార్!’’ ఎప్పుడో రుజువైన సంగతే, అయితేనేం! దాని పక్కనే ఇంతవరకూ తెగని చిక్కు ఉంది. ఒక ప్రధాన సంఖ్యకూ దాని వర్గానికీ ఒకే ఆవర్తనం ఉంటుందా? 1960లో డి.డి. వాల్ లేవనెత్తిన ప్రశ్న ఇది. అలాంటి సంఖ్య ఒక్కటీ దొరకలేదు, లేదనే రుజువూ లేదు.

విద్యార్థి ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు కలకత్తాలో పెద్ద శాంపిల్స్‌కు వర్తించే ఒక ఫలితం మీద పాఠం చెబుతుంటే దండేకర్ అనే విద్యార్థి, ‘పెద్ద శాంపిల్స్‌కే ఎందుకు, చిన్నవాటికి ఇలాంటి ఫలితం రాదా?’ అన్నాడు. ఆ రాత్రే కూర్చుని సాధించారాయన. 1945లో అచ్చయిన క్రామర్-రావు అసమానత అదే. మన క్లాసుల్లో దండేకర్‌ను ‘సిలబస్‌లో లేదు, కూర్చో’ అనేస్తాం.

తరువాతి కాలంలో మన సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేసిన కుమరేశన్‌గారు 1993లో ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిబిరాలు మొదలుపెట్టారు. నాలుగు వారాలు. నోట్సు చెప్పడం కాదు, ‘ఎందుకు’ అని పిల్లల చేత అడిగించడమే అక్కడి పని. లెక్చరర్ మిత్రులారా, మీ క్లాసు నుంచి ఒక్కరి చేతనైనా దానికి దరఖాస్తు పెట్టించండి.