పానా ఎక్కడుంది?

1968 జూన్‌లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఇంగ్లిషు నావికుడు గోల్డెన్ గ్లోబ్ పోటీలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూగోళం చుట్టి రావడానికి బయల్దేరాడు. ఆయన పడవ పేరు సుహైలి. 32 అడుగుల తెరచాప పడవ, బొంబాయిలో టేకుతో కట్టింది. దారిలో బ్యాటరీ ఛార్జి చేసే చిన్న ఇంజను మొరాయించింది. మాగ్నెటో పాయింట్ల మధ్య సందు సరిచేయాలి. దానికి కావలసింది ఫీలర్ గేజి. పడవలో అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. ఒక పుస్తకం తీసుకుని కాగితాలు లెక్కబెట్టాడు. అంగుళం మందానికి 200 వచ్చాయి. అంటే ఒక్కో కాగితం అంగుళంలో 200వ వంతు. ఆ లెక్కన కాగితాలు దూర్చి సందు సరిచేశాడు. ఇంజను నడిచింది.

పడవల గురించి రాసేవాళ్లు ఈ ముచ్చట చెప్పి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం పొగడబుద్ధి కాదు. ఉపాయం గొప్పదే, కాదనను. కానీ పది నెలల ప్రయాణానికి పోయేవాడు అరచేతిలో పట్టే గేజి మరిచిపోయాడంటే అది సర్దడంలో లోపం. ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో లారీ షెడ్డు పెట్టుకున్న ఏ మేస్త్రీని అడిగినా ఇదే అంటాడు. పనిముట్టు లేకపోతే బుర్ర వాడాలి, నిజమే. బుర్ర ఉంది కదా అని పనిముట్టు ఇంట్లో వదిలేసి పోకూడదు.

పడవలో పనిముట్లు, విడిభాగాలు ఎలా దాచాలన్న ప్రశ్నకు మూడు ప్రయాణాలు మూడు రకాల జవాబులు చెప్పాయి. ఒకటి సుహైలిది, 1968-69. రెండోది తారిణిది, 2017-18. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు నడిపిన పడవ అది. అందులో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. మూడోది భారత నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ 2022-23లో ఒంటరిగా నడిపిన పడవ బయానత్. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఏం మోసుకుపోయారన్నదాని కంటే, ఏది ఎందుకు అక్కరకొచ్చిందన్నది తేలుతుంది.

సముద్రం సంగతికి ముందు మనకు తెలిసిన పెట్టె ఒకటి చూద్దాం. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైటు రాళ్లు మోసే లారీల టూల్‌బాక్సు తెరిస్తే పైన నల్లటి బనియన్ వేస్టు కనిపిస్తుంది. దాని కింద జాకీ, వీల్ పానా, రింగు పానాలు, సుత్తి, గ్రీజు గన్ను. ఒక మూల పాత ట్యూబును కోసి చేసిన రబ్బరు పట్టీలు, బైండింగ్ వైరు చుట్ట. డాష్‌బోర్డు అరలో ఫ్యూజులు, బల్బులు. దేనిమీదా చీటీ ఉండదు. క్లీనరు చీకట్లో చెయ్యి పెట్టి పద్నాలుగో నంబరు పానా తీస్తాడు. జాబితా వాడి చేతిలోనే ఉంది. ఆ క్లీనరు మానేసిన రోజు కొత్తవాడు పెట్టెంతా రోడ్డు మీద కుమ్మరించి వెతకాలి. అయినా పెద్ద నష్టమేమీ లేదు. భద్రాచలం రోడ్డెక్కితే కొత్తగూడెంలో దుకాణం ఉంది, పాల్వంచలో ఉంది. నడుమ అడవిలో ఆగిపోయినా వెనకాల వచ్చే లారీవాడు ఆపి పానా ఇస్తాడు.

లారీకి లేని కష్టాలు పడవకు రెండున్నాయి. మొదటిది ఒరగడం. గాలి ఒక పక్క నుంచే వీస్తే తెరచాప పడవ రోజుల తరబడి ఒకే పక్కకు ఒరిగి పోతుంది. పైకి లేచిన వైపు అలమర తలుపు తీస్తే లోపలివన్నీ మన మీద పడతాయి. కిందికి ఒరిగిన వైపు అలమరలో సామానంతా పలకకు ఆనుకుని గుట్టగా పేరుకుంటుంది. అందుకే ఒక్కో రకానికి ఒక్కో మూత బిగించే డబ్బా, ప్రతి అలమరకూ గడియ ఉంటాయి. పానాల సెట్టును అరలు కుట్టిన కాన్వాసు గుడ్డలో చుట్టి తాడు కడతారు. రెండోది ఉప్పు గాలి. మామూలు ఉక్కు పానా మీద నూనె పూత లేకపోతే తుప్పు ఎక్కడానికి ఎన్నాళ్లో పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీలు పనిముట్లు తుప్పును ఓర్చుకుంటాయి గానీ గట్టిదనంలో మంచి ఉక్కుకు సాటిరావు. కాబట్టి నూనె గుడ్డ తప్పదు. లారీలో బనియన్ వేస్టు చేసే పనే అది.

అసలు చిక్కు చోటు దగ్గర వస్తుంది. పడవ నిలకడగా ఉండాలంటే బరువు కిందికి, నడిమధ్యకు చేరాలి. పడవ అడుగున చేరే నీళ్లు కూడా అక్కడే ఉంటాయి. బరువు కిందికి పోవాలి, ఇనుము పొడిగా ఉండాలి. రెండూ ఒకచోట కుదరవు. పోనీ చేతికందేలా చుక్కాని పక్కనే పెడదామా అంటే అక్కడ దిక్సూచి ఉంటుంది. ఇనుప పెట్టె దగ్గరుంటే ముల్లును పక్కకు లాగుతుంది, పడవ దారి తప్పుతుంది. ఏ పడవ అలమర చూసినా ఈ రెండు తగాదాల మధ్య కుదిర్చిన రాజీయే. రాజీ ఎలా కుదిరిందన్నదే చూడాలి. అలమర నిండుగా ఉందా అన్నది తర్వాత సంగతి.

సుహైలి రాజీ ఒంటరివాడి రాజీ. పెట్టినవాడూ తీసేవాడూ ఒక్కడే, కాబట్టి జ్ఞాపకమే జాబితా. బయల్దేరిన తొలి వారాల్లోనే పడవ అడుగున పలకల సందులోంచి నీళ్లు రావడం మొదలైంది. నడిసముద్రంలో నీళ్లలోకి దిగి సందులో పత్తి దూర్చాడు, నిలవలేదు. కాన్వాసు పట్టీకి తారు పూసి రాగి మేకులతో బిగించాడు. దాని మీద రాగి రేకు కప్పాడు. ఆ రేకు ఎక్కడిదంటే, రేడియో బిగించడానికి వచ్చినవాళ్లు పడవలో వదిలేసి పోయిన ముక్క. ఏ జాబితాలోనూ లేని చెత్త అది. నాకు సుహైలి కథలో కాగితాల లెక్క కంటే ఈ రేకు ముక్క గొప్పగా కనిపిస్తుంది. గేజి ఒక్క పనికే పనికొస్తుంది, అలాంటిదాన్ని గుర్తుపెట్టుకుని కొనాలి. రాగి రేకు ఏ పనికి వస్తుందో ముందుగా తెలియదు, తెలియకపోయినా దగ్గర ఉంచుకోవాలి.

అదే పోటీలో ఫ్రెంచి నావికుడు బెర్నార్డ్ మొయిటెస్సియే పూర్తి ఎదురు దారి పట్టాడు. తన ఉక్కు పడవ జాషువాలోంచి ఇంజనుతో సహా బరువైనవన్నీ దించేశాడు. తేలికైన పడవ మీద అలల దెబ్బ తక్కువ అన్నది ఆయన నమ్మకం. దీన్ని వైరాగ్యంలా వర్ణించేవాళ్లున్నారు. ఉక్కు పడవకు పలకలూ లేవు, కారే సందులూ లేవు. టేకు పడవవాడికి ఆ వైరాగ్యం చెల్లదు.

తారిణి దగ్గరికి వస్తే లెక్కే మారుతుంది. గోవాలో కట్టిన సుమారు 55 అడుగుల పడవ, ఆరుగురు మనుషులు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చింది. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగడం, తిండి సరుకులు నింపుకోవడం, అవసరమైన మరమ్మతులు చేసుకోవడం ముందే వేసుకున్న పథకం. మన లారీకి కొత్తగూడెం, పాల్వంచ ఉన్నట్టు దీనికి ఆ రేవులు. కాబట్టి ప్రయాణం మొత్తానికి సరిపడా విడిభాగాలు అక్కర్లేదు. రేవుకూ రేవుకూ మధ్య ఏది చెడితే పడవ ఆగిపోతుందో అది ఉంటే చాలు. ఇంజను ఫిల్టర్లు, బెల్టులు, పంపు ఇంపెల్లరు, షాకిళ్లు, పిన్నులు, తెరచాప కుట్టే సూదీ దారం. ఇంపెల్లరు రబ్బరుది, అరచేతిలో పట్టేంత. అది చిరిగితే ఇంజనుకు చల్లనీళ్లు అందవు. పది ఇంపెల్లర్లు ఒక డబ్బాలో పడతాయి. ఇలాంటివి చేత్తో చేసుకోలేం, రెడీమేడ్‌గానే ఉండాలి.

మనుషులు ఆరుగురైతే జ్ఞాపకం మీద నడవదు. అర్ధరాత్రి వంతులో ఉన్నామె వాడి ఇంకోచోట పెట్టిన పానా కోసం తెల్లవారుజామున ఇంకొకామె వెతకాల్సి వస్తుంది. అక్కడ రిజిస్టరు ఉండాలి, ఏ వస్తువు ఏ అలమరలో ఏ డబ్బాలో అని రాసుకోవాలి, తీసినది తీసినచోటే పెట్టాలి. ఇది నౌకాదళానికి వెన్నతో పెట్టిన విద్య. పసిఫిక్‌లో ఇంటి ఎత్తు అలలు, పెనుగాలి తట్టుకుని కేప్ హార్న్ దాటిన పడవ మీద ఆ క్రమశిక్షణను తక్కువ చేసి మాట్లాడను.

అయినా ఆఖరి అంచెలో, కేప్‌టౌన్ నుంచి గోవా వచ్చే దారిలో, 2018 ఏప్రిల్‌లో చుక్కాని తిప్పే యంత్రాంగం చెడింది. పథకంలో లేని పోర్ట్ లూయీ రేవుకు, అంటే మారిషస్‌కు, పోవాల్సి వచ్చింది. అక్కడ బాగుచేయించుకుని ఇల్లు చేరారు. కొందరికి ఇది తారిణి ఓటమిలా అనిపించవచ్చు. నాకు అలా తోచదు. రేవు ఉన్నప్పుడు రేవుకు పోవడమే తెలివి. ఏ రేవు ఎంత దూరంలో ఉందో తెలిసి ఉండటం కూడా విడిభాగాల లెక్కలోకే వస్తుంది. కాకపోతే విడిభాగాల డబ్బాలు నమ్ముకున్న పద్ధతికి హద్దు ఎక్కడుందో అక్కడ కనబడింది. జాబితాలో ఉన్నదే చెడాలని సముద్రానికి నియమం లేదు.

బయానత్‌కు రేవుల్లేవు. సుహైలి నాటి గోల్డెన్ గ్లోబ్ పోటీని మళ్లీ మొదలుపెట్టినప్పుడు అందులో పాల్గొన్న పడవ అది. పోటీ నియమాల ప్రకారం బయటి సాయం తీసుకోకూడదు. ఒంటరి పడవలో మనిషి నిద్రపోవాలంటే గాలివాటం చూసుకుని చుక్కాని తనే తిప్పుకునే యంత్రం నడుస్తూ ఉండాలి. దక్షిణ సముద్రంలో దాని తెడ్డు పలకలు విరుగుతూ వచ్చాయి. తెచ్చుకున్న అదనపు పలకలు అయిపోయాయి. అప్పుడు అభిలాష్ టోమీ పడవలోని మరుగుదొడ్డి తలుపు కోసి పలక చేశాడు. 236 రోజుల తర్వాత 2023 ఏప్రిల్ 29న ఫ్రాన్సులోని లె సాబ్ల్ దొలోన్ రేవు చేరి రెండో స్థానంలో నిలిచాడు.

తలుపును చూసి పలక అనుకోవడానికి కన్ను కావాలి. కోయడానికి రంపం, బెజ్జం వేయడానికి డ్రిల్లు, బిగించడానికి బోల్టులు, ఊగుతున్న పడవలో అవి దొరికే చోటు కావాలి. కాబట్టి బయానత్‌ను సుహైలి కాగితాల ఉపాయంతో ఒక గాట కట్టను. ఒకచోట ఉండాల్సిన పనిముట్టు లేక ఉపాయం పన్నారు, ఇంకోచోట పనిముట్లన్నీ ఉండి, ముడిసరుకును పడవలోనే వెతుక్కున్నారు. రెండోది నేర్చుకోదగ్గది.

టోమీ ఈ మెలకువకు ముందు చెల్లించిన మూల్యం ఉంది. 2018లో ఇదే పోటీలో ఆయన నడిపిన తురియా, సుహైలికి నకలుగా గోవాలో కట్టిన పడవ. ఆ సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో బోర్లాపడి లేచింది. తెరచాప స్తంభం విరిగింది, ఆయన వెన్ను దెబ్బతింది. లేవలేని స్థితిలో పంపిన సందేశాల్లో అత్యవసర సంచి అందుకోవడం కష్టంగా ఉందని ఒక మాట ఉంది. తర్వాత ఫ్రెంచి నౌక ఒకటి వచ్చి ఆయన్ను కాపాడింది. ఇదంతా చదివాక పడవలో సామాను సర్దడం గురించి నా ఆలోచన మారింది. అలమరలన్నీ నిలబడి నడవగలిగే మనిషిని ఊహించుకుని సర్దుతాం. పడుకున్నచోటి నుంచి కదలలేని మనిషికి ఏవేవి అందుతాయో చూసి ఎవరు సర్దుతున్నారు? స్తంభం విరిగితే అది పడవ పక్కనే వేలాడుతూ గోడను గుద్దుతుంది. వైర్లు తెంపే బోల్ట్ కట్టరు మెట్ల పక్కన ఉండాలి. అడుగున పెట్టెలో మూడు డబ్బాల కింద ఉంటే ఉన్నా లేనట్టే.

మన తీరంలో ఈ ప్రశ్నను మొదట్లోనే తేలిక చేసినవాళ్లున్నారు. కోరమాండల్ తీరపు మసూలా పడవలకు మేకులు వాడలేదు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టారు. తెప్ప అయితే దుంగలను తాడుతో కట్టిందే. ఒడ్డుకు చేరాక విప్పి ఆరబెట్టుకునేవాళ్లు. తెగేది తాడు, బాగుచేసేదీ తాడే. వేరే విడిభాగాల పెట్టె దేనికి? దీన్ని పాత వైభవంగా చెప్పడం నా ఉద్దేశం కాదు, తెప్ప మీద కేప్ హార్న్ దాటలేం. అయితే పడవను దేనితో కట్టామో దాన్నిబట్టే పెట్టె నిండుతుందన్నది అక్కడ తేటగా కనిపిస్తుంది. టేకు సుహైలికి రాగి రేకు, మేకులు. ఫైబరు గ్లాసు పడవకు రెసిన్, గుడ్డ. ఇంజను ఉన్నచోటల్లా ఇంపెల్లరు.

ఇక నా తీర్పు. ఆగే రేవులుండి, మనుషులు ఎక్కువున్న పడవకు తారిణి పద్ధతికి మించింది లేదు. రేవుల్లేని ఒంటరి ప్రయాణానికి బయానత్ పద్ధతి మేలు. రెడీమేడ్ భాగాలు ఇంజనుకు మాత్రం, మిగిలిన చోటంతా మంచి పనిముట్లకు, పలకలకు, రేకుకు, తీగకు. సుహైలిని మూడో స్థానంలో పెడతాను, అందులోంచి రాగి రేకును తీసుకుంటాను. ఎంత చక్కగా సర్దినా బోల్ట్ కట్టరు చేతికందని పడవకు మాత్రం నా దగ్గర మార్కుల్లేవు.