చక్రవర్తి ఆత్మచింతనము

క్రీ. శ. 161 మొదలు 180 వఱకు రోమక సామ్రాజ్యము నేలిన మార్కస్ అరీలియస్ ‘ఆత్మచింతనము’ను సూక్తిసంపుటముగా చదువువారే పెక్కుమంది. నాకు మాత్ర మందలి ప్రథమాధ్యాయమే ప్రియము. అది ఋణముల పట్టిక. తాతవలన శాంతమును, తల్లివలన దైవభక్తిని, నిరాడంబరతను నేర్చితినని చక్రవర్తి పేరుపేరున చెప్పికొనెను. గురువగు రస్టికస్ తన యింటి ప్రతి నిచ్చి ఎపిక్టెటస్ ఉపదేశములను చదివించెనట! ఆ ఎపిక్టెటస్ దాస్యమునుండి విడుదల పొందినవాడు. చక్రవర్తి యట్టివానికి శిష్యుడగుట సామాన్యమా?

రోముభాష లాటిన్, ఈ వ్రాత గ్రీకు. తత్త్వమును గ్రీకున నేర్చెను గాన, ఆ నుడితోనే తన్ను తాను మందలించుకొనెను. ఇంట నొక నుడి, బజారున నొక నుడి గల మన కిది వింత గాదు.

డాన్యూబు తీరమున యుద్ధము, రాజ్యమున మహామారి. గ్రంథమున వాని ప్రస్తావన బహుస్వల్పము. దీనిని ధైర్యమందురు కొందఱు. నాకు కొఱతగనే తోచును. తన మనస్సునకు తానే కావలి గాచిన యీ జ్ఞాని, 177లో కుమారుడగు కొమొడస్‌ను సహచక్రవర్తిని గావించెను. నెర్వా మొదలు దత్తతచే సాగిన వారసత్వ మంతటితో ముగిసెను. పూర్వులకు బ్రదికియున్న కొడుకులు లేరన్నమాట నిజమే. కాని నేను మెచ్చిన యా ప్రథమాధ్యాయముననే, తన బిడ్డలు మందబుద్ధులు గారని యతడు దేవతలకు కృతజ్ఞత చెప్పికొని యున్నాడు.